కోయని తాడు

తాడును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కిపట్టి, కళ్లు మూసుకుని, అతను ఈ చివర నుంచి ఆ చివరకు లాగుతున్నాడు. భవనం పైకప్పు మీదికి ఇంకా ఎండ రాలేదు. నీళ్ల ట్యాంకు నీడలో చుట్టలుగా పడి ఉన్న తాడు కొంచెం కొంచెంగా అతని కుడిపక్క నుంచి ఎడమపక్కకు మారుతోంది. కళ్లతో చూస్తే తాడు మోసం చేస్తుందని అతని నమ్మకం. పైన మట్టికొట్టుకుపోయినా లోపల గట్టిగా ఉండే తాడు ఉంటుంది. పైన నవనవలాడుతూ లోపల పోగులు చితికిపోయిన తాడూ ఉంటుంది. ఆ తేడా వేలికి తెలిసినట్టు కంటికి తెలియదు.

పెద్ద భవనాల అద్దాలు బయటి నుంచి తుడవడం అతని పని. పైకప్పు మీది ఇనుప దిమ్మెకు తాడు కట్టి, పిట్టగోడ దాటి, చిన్న చెక్కపీట మీద కూర్చుని, ఒక్కో అంతస్తే దిగుతూ తుడుచుకుంటూ పోతాడు. బక్క మనిషి. సబ్బునీళ్లలో నానీ నానీ వేళ్లు పాలిపోయాయి. గోళ్ల చుట్టూ చర్మం చీలికలు పట్టింది. రోజంతా గోడకేసి తిరిగి ఉండే మనిషి కాబట్టి మెడ వెనక మాడిపోయి, ముఖం మాత్రం తేటగా ఉంటుంది. తోటి పనివాళ్లు అతన్ని నిదానం అని పిలుస్తారు. అసలు పేరు కూలి చీటీ మీద తప్ప మరెక్కడా వినపడదు.

ఈ పనిలో మనిషికి రెండు తాళ్లు ఉండాలి, ఒకటి పనికి, ఒకటి ప్రాణానికి. ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. గుత్తేదారు ఇవ్వడు, పనివాడు కొనడు. తాడు ఎవరిది వాళ్లే సొంత ఖర్చుతో తెచ్చుకోవాలి గనుక, అందరూ అన్నిటికంటే ముందు పొదుపు చేసింది ఆ రెండో తాడునే.

నిదానం ఖర్చులోనూ నిదానమే. బజారులో నడిచేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుంటాడు. చేతులు ఖాళీగా ఉంటే ఏదో ఒకటి ముట్టుకుంటాయనీ, ముట్టుకున్నది ఇంటిదాకా వస్తుందనీ అంటాడు. ఏదైనా మరీ నచ్చితే 'రేపు చూద్దాం' అనుకుని వచ్చేస్తాడు. మర్నాటికి కోరిక బతికుంటే అప్పుడు ఆలోచిస్తాడు. చాలా కోరికలు ఒక్క రాత్రి కూడా బతకవని, అదేదో తనే కనిపెట్టినట్టు నలుగురికీ చెబుతాడు. నవ్వేవాళ్లు నవ్వారు. కానీ వాళ్లు అద్దె ఇళ్లలో సామాను మోసుకుని తిరుగుతూనే ఉన్నారు, అతను రెండు గదుల సొంత ఇంట్లో కాళ్లు చాపుకుని పడుకుంటున్నాడు. చుట్టుపక్కల ఆడవాళ్లు తమ మగవాళ్లను దెప్పాలంటే అతన్నే చూపించేవారు.

"ఇక నాది చూడు బావా," అన్నాడు బావమరిది, తన తాడు తెచ్చి ముందు పడేస్తూ. "నాకు వేలు పలకదు."

ఒకప్పుడు ఈ బావమరిది చేతిలో డబ్బు నీళ్లలా కారిపోయేది. ఒకసారి నెల కూలి మొత్తం పోసి బూట్లు కొన్నాడు. రోజంతా గాల్లో ఉండే కాళ్లకు అంత ఖరీదైన బూట్లెందుకురా అని నవ్వనివాడు లేడు. పెళ్లయ్యాక కూడా ఏం మారలేదు. నలుగురు పనివాళ్లతో కలిసి గోదాములాంటి గదిలో కాపురం పెడితే, కడుపుతో ఉన్న భార్య పుట్టింటికి వెళ్లిపోయింది. కిటికీ ఉన్న గది చూశాకే కబురు పెట్టమని, అందాకా బిడ్డనెత్తుకుని రానని తేల్చి చెప్పింది. అప్పుడు నిదానం భార్య, "మా తమ్ముణ్ణి నువ్వే ఒక దారిన పెట్టాలి," అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అతను సరేనన్నాడు. బజారులో చేతులు వెనక్కి కట్టుకోవడంతో మొదలుపెట్టి, తనకు తెలిసిందంతా నేర్పాడు. చచ్చీచెడీ నేర్చుకున్న బావమరిది ఇప్పుడు బావకంటే రెండాకులు ఎక్కువే చదివాడు. ఎదుటివాడు డబ్బిస్తే తప్ప టీ తాగడం లేదు. వీధివైపు కిటికీ ఉన్న గదొకటి చూసుకున్నాడు. ఈ వారం దాటకుండా అడ్వాన్సు కడితే గది అతనిది, లేకపోతే ఇంకొకరిది. ఇన్ని నెలలు నోరు కట్టుకుంటే సరిగ్గా ఆ అడ్వాన్సుకు సరిపడా కూడింది.

నిదానం వేళ్లు బావమరిది తాడు మీద నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగాయి. వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చాయి. అక్కడే ఆగాయి.

"ఇది పోయింది," అన్నాడు.

"బాగానే ఉంది కదా బావా."

"లోపల చితికింది. ఇటు నొక్కి చూడు."

బావమరిది నొక్కి చూశాడు. అతనికేమీ తెలియలేదు. "ఈ వారం గడిపేస్తా. అడ్వాన్సు కట్టాక కొంటాను."

నిదానం జేబులోంచి చాకు తీసి, తాడును మోకాలి కింద అదిమిపట్టి కోయడం మొదలుపెట్టాడు. మూరెడు మూరెడు ముక్కలు పక్కన పడుతున్నాయి. చెడిన తాడును ఆ పూటే ముక్కలు చేయాలన్నది ఈ పనిలో కట్టుబాటు. నిలువునా ఉన్న తాడును ఏదో ఒకరోజు ఎవరో ఒకరు నమ్ముతారని, పని నేర్పిన పెద్దమేస్త్రి చెప్పేవాడు. ఆ పెద్దమేస్త్రికి డబ్బు దాచడం రాలేదు, ముసలితనంలో ఒక టీకొట్టులో గ్లాసులు కడిగి పోయాడు. కానీ తాడు కోయడంలో మాత్రం ఏనాడూ వెనకాడలేదు.

బావమరిది ముక్కలకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆ ముక్కల్లో అతనికి తాడు కనిపించడం లేదు, కిటికీ కనిపిస్తోంది.

"పోయిన నెల నువ్వు కొత్తది కొన్నావుగా. పాతది కూడా ఇలాగే కోసేశావా బావా?"

చాకు ఒక్క క్షణం ఆగింది.

కోయలేదు. పోయిన నెల కొత్త తాడు కొన్న రోజున నిదానం పాత తాడును ఇంటి గడప దగ్గర పరిచి, చాకు చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. పిట్టగోడ ఒరుసుకునే చోట పోగులు మెత్తబడ్డాయని అతని వేలికి తెలుసు. కానీ అక్కడ తప్ప మిగతా తాడంతా దిట్టంగా ఉంది. ముక్కలు చేస్తే పొయ్యిలోకి కూడా పనికిరాదు. నిలువునా ఉంచితే బట్టలారేసుకోవచ్చు, సామాను కట్టుకోవచ్చు, లారీవాడికి ఇస్తే ఎంతో కొంత ఇస్తాడు. రేపు చూద్దాం అనుకుని చుట్టచుట్టి అటక మీద పెట్టించాడు. "దీన్నేం చేయాలి?" అని భార్య అడిగితే, "ఉండనీ, పనికొస్తుంది," అన్నాడు. ఆ తర్వాత ఆ రేపు రానే లేదు.

"ఊఁ," అన్నాడు ఇప్పుడు, తలెత్తకుండా. "కోసేశాను."

ఎదుటివాడి తాడు ముక్కలు చేస్తూ తనది దాచుకున్నానని చెప్పడానికి సిగ్గేసింది. అంతే, ఇంకే ఉద్దేశమూ లేదు.

"తాడు కొనుక్కో. ఇవాళ్టికి కింద బకెట్లు అందించు," అన్నాడు లేస్తూ. "తాడు దగ్గర లెక్కలు చూడకూడదురా."

"అన్నిటి దగ్గరా చూడమన్నది నువ్వే కదా."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే తెలియక అడిగినట్టుంది. నిదానం పిట్టగోడ అంచున తాడు ఒరుసుకోకుండా గోనెపట్టా పరిచి, దాని మీదుగా తన కొత్త తాడు వదిలి, పీట సర్దుకుని గోడ దాటాడు.

పై అంతస్తు అద్దాలు తుడుస్తున్నంతసేపూ అతనికి మనసు మనసులో లేదు. అద్దం లోపల ఎవరో కుర్చీలో వెనక్కి వాలి ఫోనులో మాట్లాడుతున్నారు. అద్దం బయట వేలాడేవాడు వాళ్లకు కనిపించడు, కనిపించినా కంటికి ఆనడు. సబ్బునురగ పూసి, రబ్బరు పట్టీతో పైనుంచి కిందికి ఒక్క లాగు లాగితే ఆకాశం తేటగా అద్దంలోకి వస్తుంది. ఇన్నేళ్లుగా చేస్తున్నా ఆ లాగులో అతనికి ఇప్పటికీ ఒక సంతోషం ఉంది. ఇవాళ అది కూడా కలగలేదు. పొద్దున్నుంచీ గాలి ఒక పద్ధతిలో లేదు. ఉన్నట్టుండి ఆగిపోతోంది, మళ్లీ ఎవరో తోసినట్టు వీపు మీద కొడుతోంది. అద్దానికి నొక్కితే అతుక్కునే రబ్బరు పిడిని ఎడమచేత్తో పట్టుకుని ఊగకుండా నిలదొక్కుకుంటున్నాడు.

తాడు డబ్బు తనే ఇవ్వొచ్చు. ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. దాచింది ఉంది, లేక కాదు. వాడు గదికి అడ్వాన్సు కట్టుకుంటాడు, చెల్లెలిలాంటి ఆ పిల్ల బిడ్డతో వస్తుంది, ఇంట్లో తన భార్య ముఖం వెలిగిపోతుంది. ఇవ్వొచ్చు. కానీ ఇచ్చేస్తే, కష్టపడి నేర్చుకున్నవాడికి మళ్లీ చేయి చాచడం అలవాటవుతుందేమోనన్న పీకులాట కూడా వచ్చింది. రెండు అంతస్తులు దిగేదాకా అటూ ఇటూ ఊగాడు. చివరికి ఇవ్వాలనే నిర్ణయించుకున్నాడు. గుండె తేలికపడింది. వెంటనే చెప్పాల్సిన పనేముంది, ఒక రాత్రి నిద్రపోయాక రేపు చెబుదాం అనుకున్నాడు. ముప్పై ఏళ్లుగా అతన్ని కాపాడుతూ వచ్చిన అలవాటు అది, ఆ పూట కూడా దాని పని అది చేసింది.

మధ్యాహ్నం భోజనానికి అతను కిందికి దిగి రాలేదు. తెచ్చుకున్నది పీట మీదే తిని, సీసాలో నీళ్లు తాగి, మళ్లీ పట్టీ అందుకున్నాడు. ఇంతలో పైనుంచి కేక వినిపించింది. తల వెనక్కి వాల్చి చూశాడు. పిట్టగోడ మీది నుంచి బావమరిది తొంగి చూస్తున్నాడు. ఎండ వెనక నుంచి పడుతున్నందువల్ల ముఖం సరిగ్గా కనిపించలేదు గానీ, గొంతులో హుషారు తెలుస్తోంది.

"బావా, తాడు దొరికింది. అటువైపు గోడ నేను దిగేస్తా. ఇవాళ కూలి పోనివ్వను."

"ఎంతకిచ్చాడు?"

"చెబితే నువ్వే మెచ్చుకుంటావు. కిందికి దిగాక చెబుతాలే."

గట్టిగా బేరమాడి ఉంటాడనుకుని నిదానం లోలోపల మురిసిపోయాడు. కాస్త నొచ్చుకున్నాడు కూడా. డబ్బు తను ఇద్దామనుకుంటే ఈలోపే కొనేశాడు. పోనీలే, అడ్వాన్సుకు తగ్గింది సర్దితే సరిపోతుంది.

"ఒకసారి పైకొచ్చి చెయ్యి పెట్టి చూస్తావా బావా?"

పైకి వెళ్లాలంటే నేలదాకా దిగి, పనివాళ్ల మెట్లన్నీ ఎక్కి రావాలి. ఎదురుగా అద్దం మీద నురగ ఆరిపోతోంది. ఆరితే మరకలు పడతాయి, మరకలు పడితే గుత్తేదారు కూలి కోస్తాడు.

"కొత్త తాడుకు చూసేదేముందిరా. కట్టుకో. గోనె వేయడం మరిచిపోకు."

బావమరిది ఏదో చెప్పబోయి, మళ్లీ ఎందుకో నవ్వి ఊరుకున్నాడు. తల వెనక్కి వెళ్లిపోయింది. పిట్టగోడ పైన ఖాళీ ఆకాశం మిగిలింది.

ఆ తర్వాత నిదానం రెండు వరుసల అద్దాలు తుడిచాడు. అటువైపు గోడ మీద బావమరిది కూడా అలాగే ఒక్కో అంతస్తూ దిగుతూ ఉంటాడని అనుకున్నాడు. ఒకరికొకరు కనిపించరు. మధ్యలో భవనమంత భవనం ఉంది. గాలి మరింత పెరిగింది. బకెట్టు తాడు చివర ఊగుతూ గోడకు కొట్టుకుంటోంది. ఆ చప్పుడు అతనికి నచ్చలేదు. మోకాలితో బకెట్టును అదిమిపెట్టాడు.

బొత్తాం పెట్టుకున్న జేబులో ఫోను మోగింది. తడి చేయి చొక్కాకు తుడుచుకుని తీశాడు. భార్య.

"ఏమయ్యా, సాయంత్రం పాలు కాస్త ఎక్కువ తీసుకోనా? తమ్ముడు వస్తానన్నాడు."

ఇంట్లో ఏది కొనాలన్నా అతన్ని అడిగే కొంటుంది. అది ఆమె అలవాటు కాదు, అతను చేసిన అలవాటు.

"తీసుకో. గది సంగతి తేలినట్టే ఉంది వాడికి."

"అవునట. మధ్యాహ్నం వచ్చి ఎంత సంతోషంగా అన్నం తిన్నాడో. తాడుకు ఖర్చు తప్పింది, రేపే అడ్వాన్సు కట్టేస్తానన్నాడు. నువ్వు వాడికోసమే దాచావని నాకు తెలియదు సుమా."

"ఏం దాచాను?"

"అటక మీద తాడు. తీసుకెళ్లాడుగా. ముందు నిన్ను అడగమన్నాను. బావ పాతది కోసేశానన్నాడు, అయితే ఇది వేరేది, బావ చేయి పెట్టి చూసి దాచాడంటే మంచిదే అయి ఉంటుందక్కా అన్నాడు."

అతను వింటూనే ఉన్నాడు. ఎదురుగా అద్దంలో ఒక బక్క మనిషి ఫోను చెవికి పెట్టుకుని నోరు తెరిచి చూస్తున్నాడు. ఆ మనిషి తనేనని తెలియడానికి కాస్త సమయం పట్టింది.

"విన్నావా?" అంది ఆమె. "పోనీ నేనేమైనా పొరపాటు చేశానా?"

"లేదు," అన్నాడు. "నువ్వేం చేయలేదు."

బావమరిదికి ఫోను చేశాడు. మోగింది. ఎత్తలేదు. బొత్తాం జేబు లేకపోతే, పనిలో ఉన్నప్పుడు ఫోను సంచిలో పెట్టి పైకప్పు మీద వదలమని నేర్పింది కూడా తనే. కిందపడితే కొత్తది కొనాలి కదా.

తాడుకు వేలాడే మనిషి పైకి పరుగెత్తలేడు, పక్కకూ పరుగెత్తలేడు. కిందికి ఒక్కటే దారి. బకెట్టు వదిలేశాడు. అద్దం మీది నురగ అలాగే ఉంది. ఇన్నేళ్లలో మొట్టమొదటిసారి నిదానం తాడును గట్టిగా పట్టుకోకుండా జారనిచ్చాడు. అంతస్తులు కళ్ల ముందు నుంచి పైకి ఎగిరిపోతున్నాయి. కుర్చీలు, బల్లలు, తలలు, మళ్లీ కుర్చీలు. అరచేతుల్లో చర్మం ఊడిపోతున్న మంట తెలుస్తోంది గానీ అది వేరెవరి చేతిలోదో అన్నట్టుంది. గొంతు చించుకుని బావమరిదిని పిలిచాడు. గాలి ఆ పిలుపును గోడకేసి కొట్టింది.

కాళ్లు నేలకు తగలగానే పీట విప్పుకుని, భవనం పక్క సందులోంచి పరుగెత్తాడు. చెత్తడబ్బాలు, మెషీన్ల రొద, పొగ తాగుతున్న ఇద్దరు గుమాస్తాలు. వాళ్లు అతని చేతుల మీది రక్తం చూసి పక్కకు జరిగారు. సందు మలుపు తిరుగుతుంటే, అటువైపు నుంచి ఏ చప్పుడూ రాకపోవడం అతనికి తెలిసింది. వీధిలో బండ్లు కూడా ఆగినట్టున్నాయి.

జనం గుండ్రంగా నిలబడి ఉన్నారు. ఎవరూ పైకి చూడటం లేదు. అందరూ కిందికి చూస్తున్నారు.

కాపలాదారు అప్పటికే తన కోటు విప్పి కప్పాడు. అది ముఖందాకా ఉంది. నిదానం వంగి, కోటు అంచు ఎత్తి చూసి, మళ్లీ మెల్లగా, పడుకున్న పసివాడికి దుప్పటి సర్దినట్టు సర్దాడు. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలిసిన కోపం. పక్కనే ఎవరో, తాడు తెగిందట, కొత్తది కొనుక్కోవచ్చు కదా, ప్రాణం కంటే ఎక్కువా అంటున్నారు. ఆ మాట అన్న మనిషి మంచి బట్టలు కట్టుకుని ఉన్నాడు. అతని మీద కోపం రాలేదు.

పైకి వెళ్లాడు. పనివాళ్లను ఎక్కించుకోని లిఫ్టులోనే వెళ్లాడు, ఇవాళ ఎవరూ అడ్డు చెప్పలేదు. పైకప్పు మీద అన్నీ పద్ధతిగా ఉన్నాయి. ఇనుప దిమ్మెకు ముడి చక్కగా ఉంది, తను నేర్పిన ముడే. పిట్టగోడ అంచున గోనెపట్టా మడతలు లేకుండా పరిచి ఉంది. మరిచిపోలేదు. తాడు గోనె మీదుగా అవతలికి దిగి, కొంత దూరంలోనే చివర విచ్చుకుని గాలిలో ఊగుతోంది. అతను మోకాళ్ల మీద కూర్చుని ఆ తాడును రక్తం కారే వేళ్ల మధ్య పట్టుకున్నాడు. కళ్లు మూసుకోవలసిన అవసరం లేకపోయింది.

జేబులో ఫోను మోగడం మొదలైంది. భార్యే. ఎవరో ఆమెకు సగం చెప్పి ఉంటారు, లేదా ఇంకేదో కొనాలని అడగబోతోంది. రెండింటిలో ఏదైనా, రేపు చెబుదామని దాటవేయడానికి ఇక వీలులేదు. అతను ఫోను చేతిలోకి తీసుకుని, గోడ మీదికి వంగి కిందికి చూశాడు.

అద్దాలు సగందాకా మెరుస్తున్నాయి. ఆ మెరుపు ఆగిపోయిన చోట, గాలికి పక్కకు కొట్టుకుపోకుండా అద్దానికి నొక్కి పట్టుకునే నల్లటి రబ్బరు పిడి ఒకటి, పట్టుకునే చేయి లేకుండా, ఎవరికీ అందనంత ఎత్తులో, అద్దాన్ని ఇంకా గట్టిగా పట్టుకునే ఉంది.